దేవుడు దూరం నుంచే రక్షించలేడా?

ఎక్కడో ఉన్న సర్వర్‌ని నేను ఇంట్లో కూర్చునే సరిచేస్తాను. దానికోసం నేను సర్వర్‌గా మారక్కర్లేదు. మరి సర్వశక్తిగల దేవుడు ఒక్క మాటతో మనల్ని రక్షించవచ్చు కదా, మనిషిగా ఎందుకు పుట్టాలి?

నాలుగో శతాబ్దంలో అపొల్లినారిస్ అనే బిషప్, క్రీస్తుకు మానవ శరీరం ఉంది గానీ మానవ మనస్సు లేదని బోధించాడు. నజియాంజుస్ గ్రెగొరీ ఒప్పుకోలేదు. మనస్సును వదిలేసి శరీరాన్నే తీసుకుంటే రక్షణ సగమే అవుతుందని ఆయన వాదం. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆ బోధను తిరస్కరించింది.

ఆలోచించండి, మనలో ముందు చెడేది మనస్సే కదా! భయం, కోపం, అసూయ అన్నీ అక్కడే పుడతాయి. గెత్సేమనేలో యేసు ప్రభువు వేదనపడింది మనిషి మనస్సుతోనే. రాత్రి నిద్రపట్టనివ్వని మీ భయం దగ్గరికి కూడా ఆయన వచ్చాడు. ధైర్యంగా ప్రార్థించండి. ఆమేన్.