గట్టుమీది పుట్ట



గౌతమికి, వసిష్ఠకు నడుమనున్న మన సీమ యంతయు ఒక పెద్ద లంకయే. ఆత్రేయపురము చుట్టుపట్ల పొలము గట్లమీద అచ్చటచ్చట పుట్టలు కనబడును. చెదపురుగులు కట్టిన వాటిలో పాములు చేరును. మీ పొరుగు రైతు గట్టు చెక్కునప్పుడు పార ప్రక్కకు త్రిప్పి ఆ పుట్టను విడిచిపెట్టును. కార్తీక మాసమున నాగుల చవితినాడు ఇంటిల్లిపాది వచ్చి, పాలుపోసి, చలిమిడి, చిమ్మిలి పెట్టి మ్రొక్కుదురు. ఆ దినమున చాల ఇండ్లవారు నేల త్రవ్వరు.

మీరు మ్రొక్కరు. అది సరియే. సృష్టికర్తకు చెందిన మ్రొక్కు సృష్టికి చెల్లదు. పాలు పాముకు ఆహారము కాదనియు మనమెరుగుదుము. అయితే మ్రొక్కనివాడు ఆ పుట్టను త్రవ్వివేయుట విశ్వాసమునకు గురుతగునా?

కొందరు హిజ్కియా రాజును సాక్ష్యముగా తెత్తురు. రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయమును నెమ్మదిగా చదువుడు. జనులు ధూపము వేయుచుండిన ఇత్తడి సర్పమును ఆయన పగులగొట్టెను. గడ్డిలో ప్రాకు పాముల వెంట కఱ్ఱ పట్టుకొని పోయెనని అచ్చట వ్రాయబడలేదు. ఆయన తీసివేసినది తప్పు మ్రొక్కును, ప్రాణమును కాదు.

జెర్రిపోతు చేయు పని చూడుడు. దానికి విషము లేదు. ఎలుక కన్నములో దూరి తల్లిని, పిల్లలను మ్రింగును. ఎలుకయో వరిదుబ్బులను కొరికి, కంకులను కన్నములోనికి ఈడ్చుకొని పోవును. జెర్రిపోతును చంపినవాడు ఎలుకకు గాదె తలుపు తెరచినవాడే.

త్రాచు, కట్లపాము, రక్తపింజరి మాట వేరని మీరందురు. నిజమే. కాటువలన బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట పామును పొగడుట క్రూరత్వము. కావున రాత్రివేళ దీపము లేక నడువకుడు. ఇంటిచుట్టు చెత్త, కట్టెలు పోగుపడనీయకుడు. కాటుపడినవానిని మంత్రగానియొద్దకు గాక తక్షణమే ఆసుపత్రికి కొనిపొండు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినవంటి వరదలలో పాములును మనవలెనే మెరక వెదకుకొని వచ్చును. ఇంట చేరినదానిని పట్ట నేర్చినవారిని పిలువుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద త్రాచును, జెర్రిపోతును చంపుట నేరమని మరువకుడు.

పొరుగువాడు భయముచేతనో భక్తిచేతనో పుట్టను విడిచెను. మనకు ఆ భయము లేదు. భయము తీరినవాని చేయి మెత్తబడవలెను గాని కఠినము కాకూడదు. కారణము తప్పైనను అతడు మంచి పని చేయగా, సరియైన కారణము తెలిసిన మనము చెడ్డపని చేసినయెడల ఎవరి యెదుట తలయెత్తగలము?

ఈ యేడు మీ పార ఆ పుట్టయొద్దకు వచ్చినప్పుడు కొంచెము ప్రక్కకు త్రిప్పుడు. “మీరు మ్రొక్కరు గదా, ఎందుకు విడిచితిరి?” అని పొరుగువాడు అడిగినయెడల, “నేలను ప్రాకుదానిని కూడ చేసి, మంచిదని చూచినవానికే మేము మ్రొక్కుదుము, అందుకే” అని చెప్పుడు.