నొప్పికి సాక్షి ఎవరు?

మా నాయన రైసుమిల్లు ముఠాలో బస్తాలు మోసి మోసి గజ్జలో పేగు దిగినోడు. పాత పంచె చింపి బిగించి కట్టుకుని మళ్లీ బస్తా ఎత్తేవాడు. ఆపరేషన్ అంటే కోతకన్నా కూలి పోద్దనే భయమెక్కువ.

ముప్పై ఆరేళ్లకి అదే హెర్నియా నాకొచ్చింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, మొదటి ఆపరేషనూ నాదే. మెష్ అనే వల ముక్క పెట్టి కుట్టారు. గాయం మానింది. మంట మానలేదు. లుంగీ అంచు తగిలినా నిప్పు కణిక పెట్టినట్టుండేది. బోర్డు దగ్గర ఒంటికాలి మీద బరువేసి పాఠం చెప్పేవాణ్ణి.

ఆపరేషన్ చేసిన డాక్టరు కుట్లు చూసి, "బాగానే మానింది గదా! కష్టం చేసిన ఒళ్లు మీవాళ్లవి, ఇదో లెక్కా?" అన్నాడు. స్టాఫ్ రూములో సెలవు కోసం నాటకమన్నారు.

ఆరు నెలలకి ఇంకో డాక్టరు దూదితో, సూదితో చర్మం తాకి చూశాడు. గజ్జలో మూడు నరాలుంటాయని, అవి తెగినా, కుట్టులోనో మెష్‌లోనో చిక్కినా ఇట్లాగే మండుతుందని చెప్పాడు. మూడు నెలలు దాటినా బాధించే నొప్పి పదిమందిలో ఒకరికి మిగులుతుందట. నరానికి మత్తు ఇంజెక్షన్, మాత్రలు రాశాడు. నొప్పి కొంచెమే తగ్గింది. అవమానం మాత్రం ఆ రోజే పోయింది.

అయితే నా నొప్పి నిజమని ఇంకొకడు ఎందుకు సంతకం పెట్టాలి? కొట్టారంటే దెబ్బ చూపించమన్నారు. ఆకలంటే డొక్క చూపించమన్నారు. మా మాట ఏనాడూ సాక్ష్యం కాలేదు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనం సవరిస్తూ, నొప్పి అని చెప్పే మనిషి మాటను గౌరవించాలని రాసుకుంది. పుస్తకంలోకి వచ్చింది, మంచం దాకా రావాలి.

ఇక్కడ నా తప్పూ ఒకటుంది. నాయన రాత్రుళ్లు మూలిగితే, "పరీక్షలున్నయి, ఊరుకో నాయనా" అన్నాను. డాక్టరు నాకు చేసింది నేను నాయనకి చేశాను. చదువు నాకు ఆ హక్కిచ్చిందనుకున్నాను.

నమ్మితే మోసపోతామంటారు. నిజమే, అబద్ధమాడే పిల్లోడూ ఉంటాడు. వాణ్ణి నమ్మితే పోయేది ఒక పీరియడ్. నిజం చెప్పినోణ్ణి నమ్మకపోతే వాడు మళ్లీ నోరు విప్పడు. మా నాయన విప్పలేదు. అట్లాగే పోయాడు.

ఇప్పుడు క్లాసులో ఎవడైనా "నొప్పి సార్" అంటే, నిజమేనా అని అడగను. ముందు కూర్చోబెట్టి, ఎక్కడరా అని అడుగుతాను.