అమ్మ మాట చిన్నదా?

“తాతయ్యకు ఇంగ్లీషు రాదు, మా బడికి తీసుకురావద్దు” అని ఒక పిల్లవాడు తల్లితో అన్నాడనుకోండి. ఆ ఇంట్లో ఏం పోయినట్టు?

పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని తల్లిదండ్రులు కోరుకోవడం తప్పు కాదు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. తుర్కయాంజాల్ వంటి ఊళ్ళలో బతుకుతెరువుకు అది అవసరమే. కాని ఒక భాష నేర్చుకుంటూ, అది రాని మనిషిని చిన్నచూపు చూడవచ్చునా?

దీనికి ఇంగ్లీషు చరిత్రే జవాబు చెబుతుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తరువాత సుమారు మూడు వందల ఏళ్ళు రాజసభలో ఫ్రెంచి, దేవాలయంలో లాటిన్ ఏలాయి. ఇంగ్లీషు దున్నేవారి భాషగా, వంటవారి భాషగా మిగిలింది. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలన్న చట్టం 1362లో గాని రాలేదు.

ఆ రోజుల్లో జెఫ్రీ చాసర్ లండన్ రేవులో ఉన్ని సుంకాల అధికారి. ఫ్రెంచి, లాటిన్, ఇటాలియన్ తెలిసినవాడు. అయినా ‘క్యాంటర్‌బరీ కథలు’ ఇంగ్లీషులోనే రాశాడు. పునీత తోమాసు బెకెట్ సమాధికి వెళ్ళే ఆయన యాత్రికుల్లో వీరయోధుడితో పాటు పిండిమర నడిపేవాడూ, వంటవాడూ కథ చెబుతారు. ఆశపోతులైన మఠవాసులను చాసర్ ఎగతాళి చేశాడు. ఒక పేద విచారణ గురువుకు మాత్రం చేతులు జోడించాడు. ఆ గురువు తాను ఆచరించాకే బోధిస్తాడు, వానలోనూ కాలినడకన దూరపు ఇళ్ళకు వెళతాడు. ఆయన సోదరుడు నాగలి దున్నేవాడు.

అదే కాలంలో విలియం లాంగ్లండ్ తన కావ్యంలో సత్యానికి దారి చూపే పనిని పియర్స్ అనే రైతుకు అప్పగించాడు. నార్విచ్ పట్టణపు భక్తురాలు జూలియన్ 1373లో జబ్బుపడినప్పుడు తనకు కలిగిన దర్శనాలను ఇంగ్లీషులో రాసింది. ఆ భాషలో ఒక స్త్రీ రాసినట్టు మనకు తెలిసిన తొలి పుస్తకం అదే. అరచేతిలో ఇమిడే చిన్న గింజంత వస్తువు కూడా దేవుడు ప్రేమించాడు కనుకనే నిలిచి ఉందని ఆమె గ్రహించింది. 2010 డిసెంబరు 1న 16వ బెనెడిక్టు పోపుగారు ఆమెను గురించే ఉపదేశించారు.

వారికంటే ముందే, కాకతీయుల కాలంలో, మన పాల్కురికి సోమనాథుడు ఈ పని చేశాడు. సంస్కృతం, కన్నడం తెలిసిన ఆ పండితుడు బసవపురాణాన్ని అందరికీ తెలిసే జాను తెనుగులో, పాడుకోవడానికి వీలైన ద్విపదలో రాశాడు. బోయవాడినీ చాకలినీ భక్తులుగా నిలబెట్టాడు. ఆయన మతం మనది కాకపోయినా, ఆ పనిలోని న్యాయం మనకు తెలుస్తూనే ఉంది.

వీరిలో చాసర్, సోమనాథుడు పెద్ద భాషలు రాక అమ్మభాషను పట్టుకున్నవారు కారు. అన్నీ వచ్చి కూడా సామాన్యుడి మాటకు పీట వేశారు. చదువు వారికి ఎదుటివాణ్ణి దూరం పెట్టే గోడ కాలేదు. భాషను వెక్కిరిస్తే గాయపడేది భాష కాదు, దాన్ని మాట్లాడే మనిషి. అందుకే ఇది పొరుగువాని ప్రేమకు సంబంధించిన విషయం.

ప్రధానార్చకుని ముంగిట పేతురును పట్టించింది ఆయన గలిలయ యాసే. ఆ యాస మనిషికే ప్రభువు తన మందను అప్పగించాడు. పెంతెకోస్తు నాడు పవిత్రాత్మ కూడా జనులందరికీ ఒకే గొప్ప భాష నేర్పలేదు. ఎవరి భాషలో వారికి వినిపింపజేశాడు.

కనుక అన్నం సంపాదించిపెట్టే భాషను మన పిల్లలు బాగా నేర్చుకోవాలి. గోరుముద్దలు తినిపించిన భాషను తక్కువ చేయకూడదు. ఈ రాత్రి జపమాలను నానమ్మ తన మాటల్లో, తన యాసలో నడిపించనివ్వండి. బడి నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని మనవడు చదివి, తాతయ్యకు తెలుగులో విడమరిచి చెప్పనివ్వండి. ఆ పిల్లవాడి చదువు సార్థకమయ్యేది అప్పుడే.