ఒప్పందంలో మనిషి చోటు

శ్రీకూర్మనాథుని ఆలయ మండపంలో స్తంభాల నిండా రాతే. వందకు పైగా శాసనాలున్నాయి అక్కడ. దర్శనం తొందరలో ఉన్నవాళ్ళకు అవి పట్టవు. కూడబలుక్కుని చదివితే వాటిలో చాలావరకు స్తోత్రాలు కావని, కట్టుబాటు పత్రాలని తెలుస్తుంది. ఫలానా శకవర్షంలో ఫలానా తిథినాడు ఫలానా మనిషి అఖండ దీపానికి ఇన్ని మాడలో, ఇన్ని ఆవులో ఇచ్చాడు. ఎన్నాళ్ళకు? సూర్యచంద్రులున్నన్నాళ్ళకు. కాపాడే పూచీ ఎవరిది? శ్రీవైష్ణవులది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠించిన సంగతి కూడా 1281 నాటి శాసనం వల్లనే మనకు తెలుసు. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, సొత్తు, గడువు, పూచీ... ఒక కాంట్రాక్టుకు కావలసినవన్నీ ఆ రాతి మీద ఉన్నాయి.

ఈ స్తంభాల దగ్గర రక్షణ శాఖ కొనుగోళ్ళ గురించి ఆలోచించడం విడ్డూరమనిపిస్తే అనిపించనివ్వండి. ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైన, విశాఖలో, హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది. నౌకాదళానికి 5 సహాయక నౌకలు కట్టి ఇచ్చేందుకు 2023 ఆగస్టులో ఆ సంస్థతో రక్షణ శాఖ ఒప్పందం కుదుర్చుకుంది. ఒక్కో ఓడ 44,000 టన్నులు. మొత్తం విలువ 19,000 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద మాట ఇచ్చిపుచ్చుకునే కాగితం ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం సహజమే కదా!

అలాంటి కాగితం తనంతట తాను నిలబడదు. దాని వెనక నిబంధనల పుస్తకం ఒకటుంటుంది. 2002లో డీపీపీ (రక్షణ కొనుగోళ్ళ విధానం) పేరుతో మొదలై, 2005, 2006, 2008, 2011, 2013, 2016ల్లో మారి, 2020 అక్టోబరు నుంచి డీఏపీ (రక్షణ సేకరణ విధానం) అయింది. ఒప్పందం నమూనా ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఒప్పందం మళ్ళీ తన పదాలకు అర్థాల కోసం ఆ పుస్తకాన్నే చూపిస్తుంది. ఇన్నిసార్లు మారిన పుస్తకంలో ఏది వర్తిస్తుంది? మామూలుగా టెండరు పిలుపు ఏ తేదీన వెళ్ళిందో ఆనాటిది. పుస్తకం మారినా పాత బేరం పాత మాట మీదే నడుస్తుంది. ఇచ్చిన మాట ఇచ్చిన నాటి అర్థంలోనే నిలవాలన్న న్యాయం ఇందులో ఉంది. అయితే ఓడ కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా లోకం మారుతుంది, పుస్తకం రాసినవాళ్ళు పదవీ విరమణ చేస్తారు. మాట మాత్రం నిన్నటి నిఘంటువుతో మాట్లాడుతూనే ఉంటుంది.

ఇది కొత్త చిక్కేమీ కాదు. ఈ శాసనాల కాలంలో కళింగాన్ని ఏలిన గాంగరాజులు తమ పాలనా సంవత్సరాలను అంకాలలో లెక్కించేవారు. ఆ లెక్కలో 1 ఉండదు. 6తో ముగిసేవి ఉండవు. 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కాబట్టి రాతి మీద 17వ అంకమని ఉంటే అది ఆ రాజు ఏలుబడిలో 14వ ఏడు. నియమం ఎరగనివాడు అంకె చదవగలడు, కాలాన్ని చదవలేడు. నేటి పుస్తకంలోనూ అంతే. ఒక వస్తువులో సగం స్వదేశీ ఉండాలంటుంది. సగం దేనిలో? పన్నులు తీసేసిన ధరలో. అందులోంచి నేరుగా దిగుమతైన భాగాలే కాదు, కింది సరఫరాదారు చేతిలోంచి చాటుగా వచ్చిన విదేశీ భాగాలు, బయటి దేశాలకు కట్టిన లైసెన్సు రుసుములు, రాయల్టీలు కూడా తీసేయాలి. మిగిలింది సగానికి తగ్గకూడదు. దుకాణంలో మనం అనుకునే సగం వేరు, ఈ సగం వేరు. లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉండే ఎడం ఆ రోజుల్లో ఎంతో ఈ రోజుల్లోనూ అంతే. ఏ ప్రజల డబ్బుతో ఓడలు కడుతున్నారో ఆ ప్రజలు ఆ ఎడానికి ఏ పక్కన ఉన్నారో చెప్పనక్కరలేదు.

శిక్షల సంగతీ చూడండి. దానం ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు 60,000 ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని మన శాసనాలు బెదిరిస్తాయి. ఇవాళ పురుగు లేదు, బ్యాంకు గ్యారంటీ ఉంది. లంచం ఇవ్వను, పుచ్చుకోను అని ఇరుపక్షాలూ ముందే సంతకం చేసే ఒడంబడిక ఉంది. దాన్ని ఉల్లంఘించారన్న కారణంతోనే 2014 జనవరి 1న 12 వీవీఐపీ హెలికాప్టర్ల ఒప్పందాన్ని భారత ప్రభుత్వం రద్దు చేసింది. నిజాయితీని కూడా ఒక క్లాజుగా రాసుకోవలసి వచ్చిందంటే మనం దిగజారినట్టా? నేనలా అనుకోను. పురుగు భయం పెట్టినవాళ్ళకూ మనుషుల మీద అంతే నమ్మకం ఉంది.

అసలు ప్రశ్న మరొకటి. ఈ కాగితాల్లో కొనేవాడు ఎవరు? భారత రాష్ట్రపతి. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం కేంద్రం చేసుకునే ఒప్పందాలన్నీ రాష్ట్రపతి పేరు మీదే ఉండాలి. అదే అధికరణం రెండో భాగం, ఆ ఒప్పందానికి రాష్ట్రపతి గానీ, ఆయన తరఫున సంతకం చేసిన అధికారి గానీ వ్యక్తిగతంగా బాధ్యులు కారని చెబుతుంది. దీనికి కారణం లేకపోలేదు. వేల కోట్ల ఓడకు ఒక ఉద్యోగి సొంత ఆస్తి పూచీ పెట్టాలంటే ఏ ఉద్యోగీ కలం ముట్టడు. రాజ్యం బాధ్యత రాజ్యానిదే. న్యాయంగా చూస్తే ఇందులో లోపం లేదు. అయినా మనసు ఒక చోట ఆగిపోతుంది. సంతకం మనిషిది, పూచీ మనిషిది కాదు. అటువైపు అమ్మేది కంపెనీ, దానికీ ఒళ్ళూ ప్రాణమూ లేవు. మరి ఇంత పెద్ద వ్యవహారంలో దెబ్బ తగిలితే నొప్పి తెలిసే ప్రాణి ఎవరు?

2020 ఆగస్టు 1న అదే షిప్‌యార్డులో ఒక భారీ క్రేనుకు బరువు పరీక్ష చేస్తుండగా అది కూలిపోయింది. 11 మంది చనిపోయారు. వారిలో నలుగురు సంస్థ ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు సంస్థల కార్మికులు. కుటుంబానికి 50 లక్షల పరిహారం ప్రకటించారు. ఒకే క్రేను కింద పోయినవాళ్ళను మర్నాడు వార్తలు రెండు రకాలుగా లెక్కపెట్టాయి. చావు ఆ తేడా చూడలేదు. తేడా కాగితాలది. పైన ఒప్పందం, దాని కింద ఉప ఒప్పందం, దాని కింద మరొకటి. ప్రతి అంచె దగ్గరా నిర్వచనం కొంచెం మారుతుంది, పూచీ కొంచెం పలచబడుతుంది.

ఇక్కడ మళ్ళీ రాళ్ళు గుర్తొస్తాయి. ద్రాక్షారామం వంటి చోట్ల శాసనాలు దీపానికి ఆవులిచ్చిన దాతతో ఆగవు. ఆ ఆవులను చేకొని రోజూ మానెడు నెయ్యి పోయవలసిన బోయ పేరు కూడా చెబుతాయి. గొలుసులో అట్టడుగున ఉన్న పనివాడికి పేరుంది! ఎంత గొప్ప అని మురిసిపోయేలోగా తరవాతి మాట ఎదురవుతుంది. నెయ్యి పోయవలసింది అతనొక్కడే కాదు, కొడుకులూ మనుమలూ కూడా. ఇంకా పుట్టని మనుమడు ఎప్పుడు ఒప్పుకున్నాడు ఈ ఒప్పందానికి? సూర్యచంద్రులున్నన్నాళ్ళన్న మాట దాతకు పుణ్యం, బోయకు చాకిరి. ఆ కాలం పనివాణ్ణి పేరుతో పిలిచి తరతరాలకూ కట్టేసింది. మన కాలం అతని కొడుకును విడిపించింది, అతని పేరు మరిచిపోయింది. పేరూ ఉండి, స్వేచ్ఛా ఉండి, పైవాళ్ళ పూచీ కూడా ఉండే ఒప్పందం మనిషి రాయలేడా?

రాయలేకేం! 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ‘ప్రధాన యజమాని’ అని ఒకణ్ణి నిర్వచించింది. కూలి ఎగ్గొట్టినవాడు చిన్న కాంట్రాక్టరే అయినా ఆ కూలి ఈ ప్రధాన యజమాని చెల్లించాలని చెప్పింది. ఒక్క నిర్వచనం అంచెలన్నీ దాటి పైవాడి చెయ్యి పట్టుకుంది. పూచీ కిందికి జారి పలచబడటం ప్రకృతి నియమం కాదన్నమాట. అది మనం రాసుకున్నట్టే ఉంటుంది. నిర్వచనాల అధ్యాయాన్ని గుమాస్తా పనిగా చూసి పేజీ తిప్పేస్తాం గానీ, ఎవరు లెక్కలోకి వస్తారో ఎవరు రారో తేలేది అక్కడే. ధర, గడువు, ఆలస్యానికి వారం లెక్కన కోత, ఇవన్నీ దాని తరవాత వచ్చేవి.

నౌకాదళ ఓడల పని విశాఖలో సాగుతోంది. ఉత్తరాంధ్ర పల్లెల పిల్లలు ఆ రేవులోనూ, అక్కడి నౌకాదళంలోనూ పనిచేస్తున్నారు. రక్షణ శాఖ రోజువారీ కొనుగోళ్ళ పుస్తకమైన పాత డీపీఎం స్థానంలో కొత్తది 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. ఆయుధాల సేకరణ పుస్తకమూ ఏదో ఒకనాడు మళ్ళీ మారక తప్పదు. దాన్ని రాయబోయేవాళ్ళకు ఒక విన్నపం. నిర్వచనాల జాబితాలో కొనేవాడు, అమ్మేవాడు అన్న రెండు పంక్తుల తరవాత మూడో పంక్తి పనిచేసేవాడిది కానివ్వండి. ఎన్ని అంచెల కింద ఉన్నా సరే, అతని ప్రాణానికి పూచీ పైన సంతకం చేసిన సంస్థదేనని ఆ పంక్తిలో రాయండి.