తేలు కుట్టింది దొంగకి కాదు

క్రిందటి శ్రావణమాసంలో ఒక ఆదివారం సాయంత్రం మా కాలనీ సంఘం వరండాలో కుర్చీలు వేశారు. పేరంటానికి కాదు, పోలీసుల మీటింగుకి. "ఇంటికొకరైనా రావాలి, ముఖ్యంగా ఆడవాళ్ళు రావాలి" అని సెక్రటరీగారు గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పి వెళ్ళారు. పోలీసులు పిలిస్తే వెళ్ళడం ఏమిటని కొందరు జంకారు కానీ, చివర్లో మిరపకాయ బజ్జీలూ టీ ఉన్నాయని తెలిశాక వరండా నిండిపోయింది.

ఏ బుర్రమీసాల ఇన్‌స్పెక్టరుగారో వస్తారనుకున్నాం. వచ్చింది ఓ ఎస్సై అమ్మాయి. మా అమ్మాయికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. టోపీ తీసి బల్లమీద పెట్టి, "అమ్మా, నమస్కారం. నన్ను చూసి భయపడకండి. పోలీసంటే మీకుండే భయమే ఇవాళ దొంగల పెట్టుబడి" అని మొదలెట్టింది.

నిజమే సుమండీ! మా అమ్మమ్మ కాలం నుంచీ వింటున్నదే. గుడికి వెళ్తున్న ముసలావిడని ఆపి, "పోలీసులం. ముందు వీధిలో దొంగతనం జరిగింది. నగలు తీసి సంచీలో పెట్టుకోండి" అంటాడొకడు. రెండోవాడు మర్యాదగా కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. ఇంటికొచ్చి విప్పితే రాళ్ళు. ఇప్పుడా పోలీసు వీధిలో నిలబడడం మానేసి ఫోనులోకి ఎక్కాడు. వెనకాల జెండా, గోడమీద గాంధీగారి పటం, బల్లమీద ఫైళ్ళు. "మీ ఆధార్ నంబరుతో వెళ్ళిన పార్సెల్లో మత్తుమందు దొరికింది. మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. గది తలుపు వేసుకోండి. ఎవరికీ చెప్పకండి" అంటాడు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని ఆ అమ్మాయి చెప్పింది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఈ మాటే చెప్పారు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. ఆడవాళ్ళనైతే పొద్దుగూకాక, తెల్లవారకముందు అరెస్టు చెయ్యకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని రావాలి. ఇంత తతంగం ఉన్నచోట ఫోనులో అరెస్టు ఏమిటి? "డబ్బు మనకి రావడానికి పిన్ను కొట్టక్కర్లేదమ్మా. పిన్ను కొట్టారంటే మీ డబ్బు పోతున్నట్లే" అని కూడా రెండుసార్లు అప్పజెప్పించింది. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్లు అందరం అప్పజెప్పాం.

అంతా అయ్యాక, "ఇక్కడ ఇలాంటి మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. మిగతావాళ్ళకి పనికొస్తుంది" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు. అరవైమందిమి ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నేనూ చూశాను. నా చెయ్యి మాత్రం కొంగులో భద్రంగా ఉంది.

చెప్పొద్దూ, అంతకుముందు సంక్రాంతికే నేను 18 వేలు పోగొట్టుకున్నాను. పాత డైనింగు టేబులు అమ్ముదామని ఫోనులో ప్రకటన పెట్టాను. ఎవరో మిలటరీ ఆయనట, బదిలీమీద ఊరికి వస్తున్నాడట, బేరమైనా ఆడకుండా ఒప్పుకున్నాడు. "మేడమ్, ఈ గళ్ళబొమ్మ స్కాన్ చేసి పిన్ను కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. కొట్టాను. పడలేదు, పోయింది. "పొరపాటైంది, మళ్ళీ కొట్టండి, రెండూ కలిపి పంపిస్తాను" అన్నాడు. మళ్ళీ కొట్టాను! బి.ఏ. చదివాను, పన్నెండు నవలలు రాశాను, వాటిలో మోసగాళ్ళని ఎంతమందిని సృష్టించానో నాకే లెక్క తెలీదు. ఒక్కడూ నాకు సాయపడలేదు.

మావారితో ఆ డబ్బు మా చెల్లెలి కూతురి ఓణీలకిచ్చానని చెప్పాను. ఆయన పాపం, "మంచిపని చేశావు" అన్నారు. ఆ మెచ్చుకోలు మింగలేక చచ్చాను.

మీటింగు నుంచి వస్తున్నప్పుడు నా పక్కన మా ఎదురింటి పిన్నిగారు నడుస్తున్నారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. బాబాయిగారు పోయి ఆరేళ్ళయింది. కొడుకు అమెరికాలో. వెనక వీధిలో ఒక రిటైర్డు ఇంజనీరుగారు ఇలాగే డబ్బు పోగొట్టుకున్నారన్న సంగతి మాటల్లో వచ్చింది. నేను గలగలా నవ్వి, "అంత పెద్ద చదువు చదివి ఆ మాత్రం తెలియలేదంటారా పిన్నిగారూ! బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టాడో!" అన్నాను. నా బుర్ర సంగతి బయటపడకూడదుగా, అంచేత రెండింతలు గట్టిగా నవ్వాను. పిన్నిగారు మర్యాదకి చిన్నగా నవ్వి ఊరుకున్నారు.

కార్తీకమాసంలో ఒకరోజు గోంగూర పచ్చడి చేసి గిన్నెలో పట్టుకెళ్ళి వాళ్ళ తలుపు తట్టాను. తలుపు తియ్యకుండానే లోపల్నుంచి, "ఒంట్లో బాగా లేదమ్మా, తరవాత రా" అన్నారు. గొంతు అదోలా ఉంది. జలుబు చేసిందనుకుని వచ్చేశాను. ఆవిడ అప్పుడు బల్లమీద ఫోను నిలబెట్టుకుని, అందులోని దొంగ పోలీసు ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్నారని నాకేం తెలుసు? రెండు రోజులు అలాగే కూర్చున్నారట. మధ్యలో సంచీలో ఫోను ఆపకుండానే పెట్టుకుని బ్యాంకుకి వెళ్ళి ఫిక్సెడు డిపాజిట్లు తీశారట. "ఒక్కసారే ఇంత సొమ్మెందుకమ్మా?" అని బ్యాంకులో అడిగితే, వాడు నేర్పినట్లే "ఇల్లు కొంటున్నాం" అన్నారట. 35 ఏళ్ళు పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి.

ఆరు లక్షల నలభై వేలు. మోసమని ఆవిడకి మూడోరోజే అర్థమైంది. నాకు చెప్పింది మాత్రం ఏడోరోజున, ఆకులో అన్నం కెలుకుతూ.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ?" అంటే, ఆవిడ తల వంచుకుని, "నవ్వుతావని చెప్పలేదమ్మా" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ నాలుగు రోజులూ ఎంత విలువైనవో అప్పుడు గాని తెలిసిరాలేదు. దొంగ తన పేరుమీద ఖాతా పెట్టుకోడు. కమీషనుకి ఆశపడి అద్దెకిచ్చినవాళ్ళ ఖాతాల్లోకి సొమ్ము చేరుతుంది. అక్కడినుంచి ముక్కలై ఇంకో ఖాతాకి, ఇంకో ఊరికి, గంటల్లో మాయమవుతుంది. 2021లో కేంద్రప్రభుత్వం పెట్టిన ఏర్పాటు ప్రకారం 1930 నంబరుకి ఫోను చేస్తే, ఆ సొమ్ము ఏ బ్యాంకులో ఉంటే ఆ బ్యాంకుకి కబురు వెళ్తుంది. అది ఇంకా దారిలోనే ఉంటే ఆపుతారు. రిజర్వు బ్యాంకు 2017 ఉత్తర్వులో కూడా, పిన్నో ఓటీపీయో మన చేతులతో మనమే చెప్పేసినా, బ్యాంకుకి తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకుదేనని రాశారు. అంటే సొమ్ము పోగొట్టుకోవడం ఒక ఎత్తూ, చెప్పడం ఆలస్యం చెయ్యడం ఇంకో ఎత్తూను. మేం వెళ్ళి ఫిర్యాదు ఇచ్చేసరికి ఆగింది 31 వేలు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్లయింది మా పని.

దొంగకి తేలు కుట్టినట్లు అని మనకో సామెత ఉంది. చీకట్లో దూరినవాడు తేలు కుట్టినా "అబ్బా" అనలేడు, అరిస్తే దొరికిపోతాడు. బాగానే ఉంది. కానీ ఇక్కడ తేలు కుట్టింది దొంగకి కాదే, ఇంటివాళ్ళకి! అయినా నోరు నొక్కుకుని కూర్చున్నది ఇంటివాళ్ళే. పిన్నిగారు నాలుగు రోజులు కూర్చున్నారు. నేను పది నెలలు కూర్చున్నాను. తప్పు చేసినవాడికి ఉండాల్సిన సిగ్గు నష్టపోయినవాళ్ళ నెత్తిమీదకి ఎలా వచ్చి పడింది?

మనమే పడేశాం కాబోలు. సీతమ్మని రావణుడు ఎత్తుకుపోయిన కథ చెప్పుకున్నప్పుడల్లా మన పెద్దలు "గీత దాటింది, అనుభవించింది" అనేవారు. వాల్మీకి రామాయణంలో ఆ గీతే లేదు. తరవాతి రామాయణాలు గీశాయి. సన్యాసి వేషంలో వచ్చి భిక్ష అడిగినవాణ్ణి నమ్మింది ఆ తల్లి. అతిథిని గౌరవించమని ఆవిడకి నేర్పినవాళ్ళు, గౌరవించినందుకు తప్పు పట్టారు. జరిగిపోయాక గీత గియ్యడం తేలిక. "ఆ మాత్రం తెలియలేదా?" అన్న ప్రతిసారీ మనం గీస్తున్నది అలాంటి గీతే. అందులో ఓ సుఖం కూడా ఉంది. ఆవిడ తెలివితక్కువది కాబట్టి మోసపోయింది, నేను తెలివైనదాన్ని కాబట్టి మోసపోను అని గుండెలమీద చెయ్యేసుకుని పడుకోవచ్చు.

మరి నమ్మడమే తప్పంటారా? పొద్దున్న లేస్తే పాలవాణ్ణి నమ్ముతాం, ఆటోవాణ్ణి నమ్ముతాం, మందులషాపు కుర్రాడిచ్చిన మాత్ర గుటుక్కున మింగుతాం. ఎవర్నీ నమ్మనంటే బతుకు ఒక్కపూట కూడా సాగదు. రాత్రి పడుకునేముందు గ్యాసు కట్టేస్తాం. అంతమాత్రాన పొయ్యిని అనుమానించినట్లు కాదుగా! జాగ్రత్త అలాంటిదే, రోజూ చేసుకునే ఇంటిపని. అది చెయ్యాలి. ఒకరోజు మర్చిపోయినావిణ్ణి మాత్రం దోషిలా నిలబెట్టకూడదు.

పైగా పిన్నిగారు ఆశపడి మోసపోలేదు. భయపడి, ఒంటరిగా ఉండి మోసపోయారు. ఆ దొంగ ఆవిడ దగ్గర మొదట దోచుకున్నది డబ్బు కాదు, పక్కింటివాళ్ళని. "ఎవరికీ చెప్పకండి" అన్నాడు చూశారూ, అక్కడే ఇల్లు గుల్లయింది. ఎస్సై అమ్మాయి మాకు చెప్పింది "అందరికీ చెప్పండి" అని. అసలు పోలీసుకీ నకిలీ పోలీసుకీ ఇంతకంటే సుళువైన గుర్తు నాకు కనపడలేదు.

కానీ "ఎవరికీ చెప్పకండి" అన్న మాట ఆవిడ చేత వినిపించింది వాడొక్కడేనా? వాడు ఫోను చెయ్యడానికి మూడు నెలల ముందే, ఆ మాట నేను నా నవ్వుతో ఆవిడకి చెప్పేశాను. వాడికి సగం పని నేనే చేసిపెట్టాను. ఈ లెక్క ఏ పోలీసు రికార్డులోనూ ఉండదు. నా దగ్గర ఉంది.

ఇంకో సంగతి. 2024లో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. కంప్యూటరు ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా పంపించి, అక్కడ నిర్బంధించి, ఇలాంటి మోసపు ఫోన్లు చేయించారట. ఈ మాట పిన్నిగారికి చెబితే, చాలాసేపు ఊరుకుని, "అయితే నాతో మాట్లాడినవాడికీ ఎవరో తలుపు గడియ పెట్టి ఉండొచ్చన్నమాట" అన్నారు. ఆవిడ వాణ్ణి క్షమించారని కాదు. సొమ్ము పోయింది కానీ ఆవిడలోని టీచరమ్మ పోలేదు. అది చాలనిపించింది నాకు.

మాఘమాసంలో ఆ ఎస్సై అమ్మాయి మళ్ళీ వచ్చింది. అదే వరండా, అవే కుర్చీలు. చివర్లో అదే ప్రశ్న. ఈసారి నా చెయ్యి కొంగులోంచి తీసి ఎత్తాను. గుండె దడదడలాడింది. ఇన్ని సభల్లో మాట్లాడాను కానీ, ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. లేచి డైనింగు టేబులు కథంతా చెప్పాను, రెండోసారి పిన్ను కొట్టిన సంగతితో సహా. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వితే నవ్వారు, పద్దెనిమిది వేలు పోయినప్పటికంటే అదేం పెద్ద నొప్పి అనిపించలేదు. నేను కూర్చోబోతుంటే పిన్నిగారు చెయ్యెత్తారు. ఆ తరవాత పచారీకొట్టు ఆయన, ఆ తరవాత మా సెక్రటరీగారి భార్య. మొత్తం ఏడు చేతులు. శ్రావణంలోనూ ఆ చేతుల్లో కొన్ని ఆ వరండాలోనే ఉండి ఉంటాయి.

ఇవాళ రాత్రి మీ ఇంట్లో భోజనాల దగ్గర ఒక్కమాట చెప్పి చూడండి. "మనలో ఎవరైనా మోసపోతే మొదట ఇంట్లో చెప్పాలి. చెప్పినవాళ్ళని ఎవరం ఏమీ అనం" అని. 1930 నంబరు గోడమీద రాసిపెట్టుకోవడం ఎంత అవసరమో, ఇదీ అంతే.

అన్నట్లు, ఆ రోజు వరండాలో వెనకవరసలో మావారు కూడా కూర్చున్నారు. దారిపొడుగునా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "అయితే మీ చెల్లెలి కూతురికి ఓణీలు పెట్టనే లేదన్నమాట" అన్నారు.

"లేదండీ" అన్నాను.

"ఈ ఉగాదికి పెడదాంలే. ఈసారి నిజంగా" అని లోపలికి వెళ్ళారు.