ఆకాశయానమున పొదుపు

విందునాఁడు విస్తరి వేయుదుము. నిత్యభోజనమునకుఁ గంచము పెట్టుకొందుము. విస్తరి చౌక, కాని తిన్నపిదపఁ బాఱవేయవలసినదే. కంచమునకు వెల హెచ్చు, తోముశ్రమయుఁ గలదు. ఎప్పుడో యొకసారి వచ్చు నతిథికిఁ గంచము కొనుట దండుగ. దినదినము తినువానికి విస్తరియే దండుగ. గృహిణు లెఱిఁగిన యీ లెక్కయే నేఁడు రాకెట్టులు నిర్మించువారి ముందును నిలిచియున్నది.

చిరకాలము రాకెట్టు విస్తరివలె నొక్కసారికే పనికివచ్చుచుండెను. దాని వ్యయములో ఇంధనము స్వల్పభాగము, యంత్రములకే పెద్దభాగము. 2015 డిసెంబరులో అమెరికాలోని స్పేస్‌ఎక్స్ సంస్థవారు ఫాల్కన్-9 రాకెట్టు మొదటి దశను నేలకు దింపిరి. 2017 మార్చిలో, ముందు దిగిన యొక దశను మరల నెగురవేసిరి. ఈ మేలు ఊరక రాలేదు. దిగుటకై కొంత ఇంధనము మిగుల్చుకొనవలెను. ఆ మేరకు మోయుబరువు తగ్గును. దిగినపిదపఁ బరీక్షించి బాగుచేయవలెను. తఱచుగా నెగిరిననే యిది గిట్టును.

నిన్నటివఱకుఁ బొలములుగా నుండి నేఁడు మేడలతో నిండిన తెల్లాపూరువారికి ఇది దూరపు వార్త కాదు. ఈ హైదరాబాదుననే 2018లో పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా గారలు ఇస్రో కొలువు విడిచి స్కైరూట్ సంస్థను స్థాపించిరి. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18వ తేదీన శ్రీహరికోటనుండి యెగసెను. మన దేశమునఁ బ్రైవేటు సంస్థ నిర్మించి యెగురవేసిన రాకెట్టులలో నదియే మొదటిది. అదియు విస్తరివంటిదే. ఇస్రోవారు మాత్రము 2023, 2024 సంవత్సరములలో ఱెక్కలుగల వాహనపు నమూనాను చిత్రదుర్గమునొద్ద మూఁడుమారులు హెలికాప్టరునుండి విడిచి, దానంతటనది నేలపై దిగునట్లు చేసిరి.

బీదదేశమునకు రాకెట్టు లేల యనువారు కలరు. వారితో మే మేకీభవింపఁజాలము. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తఁగా వేలజనులు మరణించిరి. నేఁడు తుపాను నడిసముద్రమున నుండఁగనే ఉపగ్రహము దానిఁ జూపుచున్నది. ఆ హెచ్చరిక జాలరి గుడిసెకుఁ జేరుటకంటె గొప్ప ప్రయోజన మేమి కావలయును?

మా భయము వేఱు. కంచము గిట్టవలెనన్నచోఁ దఱచుగాఁ దినవలెను; అంతమాత్రమున ఆఁకలి లేకున్నను దినుట వివేకమా? దారి చౌకయైనదని అక్కఱలేని ఉపగ్రహములతో ఆకాశమును నింపినయెడల, అవి చెడి పగిలి ఇతరుల దారికి నడ్డమగును. పొదుపే దుబారాకు మూలమగును. కావునఁ జదువరులారా! ఒక్కొక్క ప్రయాణమున నెంత మిగిలెనని యడుగుటతో నాఁగక, మిగిలినది యెవరి కక్కఱకు వచ్చెనని కూడ నడుగుదము.