పన్నెండుమంది ప్రమాణం

ప్రాణం కాపాడడానికి చెప్పిన అబద్ధం కూడా పాపమేనా? ఎనిమిదవ ఆజ్ఞ గురించి ప్రసంగించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. మధ్యయుగపు ఇంగ్లండు కోర్టు రికార్డులు దీనికి గట్టి పరీక్ష పెడతాయి.

ఒకప్పుడు అక్కడ నిందితుని చేత కాలిన ఇనుము పట్టించి, లేదా నీళ్ళలోకి దించి నేరం తేల్చేవారు. గురువు ఆ ఇనుమును, ఆ నీటిని ఆశీర్వదించేవాడు. 1215లో నాలుగవ లాతరాను మహాసభ గురువులు ఆ పని చేయరాదని శాసించింది. (శ్రీసభ చేసిన మేళ్ళలో దీనిని మనం అంతగా చెప్పుకోము.) దానితో తీర్పు భారం ఊరివాళ్ళ మీద పడింది. పన్నెండుమంది ప్రమాణం చేసి, దోషి అవునో కాదో చెప్పాలి.

నరహత్యకు శిక్ష ఉరి. పగబట్టి చంపినా, తాగిన మత్తులో కత్తి దూసినా అదే శిక్ష. ప్రమాదవశాత్తు గాని, తప్పించుకునే దారిలేక ప్రాణరక్షణకు గాని చంపినట్లు తేలితే మాత్రం రాజు క్షమాపణ దొరికేది.

కొరోనరు అనే రాజోద్యోగి శవం దగ్గర జరిపిన విచారణ రికార్డు ఒకటి, తరువాత కోర్టులో రాసినది మరొకటి. తోలుపై లాటినులో రాసిన ఇవి లండనులోని క్యూ వద్ద, జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. థామస్ గ్రీన్ అనే అమెరికా చరిత్రకారుడు 14వ శతాబ్దపు కేసులు కొన్నిటిలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటిదానిలో ఇద్దరు మాటామాటా అనుకున్నారు, ఒకడు పొడిచాడు. రెండవదానిలో చనిపోయినవాడే ముందుగా మీదపడ్డాడు. నిందితుడు పరుగెత్తాడు, గోడ అడ్డు వచ్చింది, గత్యంతరం లేక కొట్టాడు. కేసు తరువాత కేసులో ఎంత అనుకూలంగా అడ్డు వస్తుందో ఆ గోడ!

ఈ పొరుగువాడు ఉరికి తగినవాడు కాడని ఆ పన్నెండుమంది మనస్సాక్షి చెప్పింది. ఉరికీ విడుదలకూ నడుమ చట్టం వారికి వేరే దారి చూపలేదు. ప్రతి అబద్ధమూ పాపమే గాని, ఇతరుని మేలుకోసం చెప్పినది తక్కువ పాపమని పునీత అక్వినాసు తోమాసు గారి బోధ. అయితే ప్రమాణం చేసి అబద్ధమాడడం వేరు. అది దేవునినే సాక్షిగా పిలిచి చెప్పినది, ఆయన లెక్కలో అది ఘోరపాపం.

అయినా నన్ను కలవరపెట్టేది ఇది కాదు. ఎన్నో కేసుల్లో జూరీ 'దోషి కాడు' అని ఊరకుంది. అది కూడా అబద్ధమే కావచ్చు, కాని దానిలో ఎవరి మీదా నింద లేదు. గోడ కథ అలాంటిది కాదు. బ్రతికినవానిని విడిపించడానికి అది నోరులేని శవం నెత్తిన నేరం మోపింది. అతని భార్య ఆ మాట విని ఇంటికి వెళ్ళి పిల్లలకు ఏమి చెప్పి ఉంటుంది? ఆరువందల యేండ్లు దాటినా, క్యూలో ఆ తోలు విప్పి చదివేవారికి ముందుగా మీదపడినవాడు అతడే.